చినుకు ఏడుపు

స్టూడియోలో ఆయన్ని అందరూ చెవులాయన అనేవారు. అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ ఎవరికీ దాని అవసరం పడలేదు. పక్క గదిలో సూది పడితే అది కుట్టుసూదో గుండుసూదో చెప్పేస్తాడని ఆయన మీద ఒక వేళాకోళం ఉండేది. ఎదురుగా అన్నప్పుడు మొహం ముడుచుకునేవాడు, లోపల్లోపల మాత్రం ముచ్చటపడేవాడు. పొగడ్త ఎవరికి చేదు.

ఆయన సౌండు పని చేసేది చిన్నపిల్లల టీవీ సీరియల్‌కి. బడికి ఇంకా వెళ్ళని, వెళ్ళీ వెళ్ళని పిల్లల కోసం గుడ్డబొమ్మలతో తీసే ఆ సీరియల్ పేరు 'పక్కన కూర్చో'. అందులో నీలం బొమ్మ చినుక్కి ఊరికే దిగులు, ఎర్రబొమ్మ కస్సుకి కోపం, పసుపు బొమ్మ గుబులుకి ప్రతిదానికీ భయం. పెద్దవాళ్ళకి తల నెరిసినా పేరు పెట్టడం చేతకాని బాధలకి, పాలపళ్ళ పిల్లలకి పేర్లు నేర్పడమే ఆ బొమ్మల పని. కథ ఏదైనా పాఠం ఒకటే. ఎవరైనా ఏడుస్తుంటే ముందు వెళ్ళి పక్కన కూర్చోవాలి. ఎందుకేడుస్తున్నావని తర్వాత తీరిగ్గా అడగొచ్చు. చెవులాయన ఈ పాఠాన్ని విన్నన్నిసార్లు ఏ పిల్లా విని ఉండదు. కాకపోతే గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ జీరబోయింది అని చూసుకుంటూ విన్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితితొట్లో పడిందని పెద్దలు ఇలాంటివాళ్ళని చూసే అని ఉంటారు.

ఆ ఏడు సీరియల్‌కి రోజులు బాగాలేవు. ఛానెల్ పెద్దలు మొహం చాటేస్తున్నారు. 'బెంగ' అనే భాగం తీస్తున్నారట కదా, అది చూసి సీరియల్ ఉంచాలో ఎత్తేయాలో తేల్చుకుంటామన్నారు. కథ చిన్నదే. చినుకు వాళ్ళమ్మ పని మీద దూరం వెళ్తుంది. చినుకు నిద్ర లేచి, ఇల్లంతా వెతికి, ఏడుస్తుంది. గుబులు భయపడుతూనే వచ్చి పక్కన కూర్చుంటాడు. అంతే. కథ రాసిన డైరెక్టరమ్మకి చెవులాయన ఇంటి సంగతి తెలియదు. భార్య విడిగా ఉంటోందనీ, ఐదేళ్ళ కూతురు తన దగ్గరే ఉంటుందనీ ఆయన స్టూడియోలో ఎవరికీ చెప్పుకోలేదు. చెవులున్నవాడికి నోరుండాలని ఎక్కడుంది.

స్టూడియో వెనక చూపుల గది అని ఒకటుంది. అందులో చాప పరిచి, పక్క వీధిలోని పిల్లల బడి నుంచి ఓ డజనుమందిని తెచ్చి కూర్చోబెట్టి, టీవీకి పంపకముందే ప్రతి భాగాన్నీ వాళ్ళకి చూపిస్తారు. పెద్దవాళ్ళు అద్దం వెనక నిలబడి తెర వంక కాకుండా పిల్లల మొహాల వంక చూస్తారు. పిల్లలు తల తిప్పుకున్న చోట కత్తెర పడుతుంది, నవ్వకూడని చోట నవ్వితే ఆ ముక్క మళ్ళీ తీస్తారు. ఆ గదిలో ఎంత పెద్ద రచయితకీ మన్నింపు లేదు.

బెంగ భాగంలో చినుకు ఏడుపు మొదలవగానే చాప మీద పిల్లలందరూ పకపకా నవ్వారు.

చినుక్కి గొంతిచ్చేది నాటకాల్లో పండిపోయిన ఒక పెద్దావిడ. స్టూడియోలో అందరికీ ఆవిడ పిన్ని. పిన్ని మళ్ళీ ఏడ్చింది, ఈసారి తగ్గించి. పిల్లలు ఇంకా నవ్వారు. ముక్కు మూసుకుని ఏడ్చింది, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. ఒక పిల్లాడైతే ఆ ఏడుపుని అనుకరించి చూపించాడు కూడా. దొంగేడుపు పిల్లల దగ్గర చెల్లదు, ఆ విద్యలో వాళ్ళే ఆరితేరినవాళ్ళు.

"నా వల్ల కాదమ్మా," అంది పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఏడుపు రాక కాదు. నేనేడిస్తే అది పెద్దదాని ఏడుపు. దానికి వెనకాల బోలెడు కారణాలుంటాయి. పిల్ల ఏడుపుకి కారణాలేముంటాయి, అమ్మ ఉండదు, అంతే."

"బెంగ చూసి నవ్వుతున్నారంటే ఇక మనం మూటాముల్లె సర్దుకోవడమే," అంది డైరెక్టరమ్మ. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించేట్టు కూర్చుంది.

చెవులాయన గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర ఒకటుంది. చూస్తారా?"

"ఎవరిది?"

"పాత రికార్డింగండీ. ఎప్పుడో పట్టింది."

అది అబద్ధం కాదు. నిజమని కూడా ఎవరూ అనలేరు. కొరివితో తల గోక్కుంటున్నానని ఆయనకి తెలుసు. ఇంతమంది ఉద్యోగాలు దీని మీద ఉన్నాయి కదా అని మనసుకి చెప్పుకున్నాడు. ఆ మాటా నిజమే. మనం చేసే వెధవ పనులన్నిటి వెనకా ఏదో ఒక నిజం చేతులు కట్టుకుని నిలబడే ఉంటుంది.

ఆ ఏడుపు చినుకు నోట పెట్టి చూపించినరోజు చూపుల గదిలో ఒక్క పిల్లా నవ్వలేదు. ఒక అమ్మాయి పక్కనున్న వాడి చొక్కా పట్టుకుంది. మొన్న అనుకరించిన పిల్లాడు లేచి టీవీ దగ్గరికి వెళ్ళి చినుకు మొహం మీద అరచెయ్యి ఆనించాడు. అద్దం వెనక డైరెక్టరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎంత శుభ్రంగా ఉందండీ," అంది. "వెనకాల ఒక్క చప్పుడు లేదు. అడుగుల శబ్దం లేదు, మధ్యలో ఎవరి మాటా లేదు. ఇంత శుభ్రంగా పిల్ల ఏడుపు ఎలా పట్టారండీ?"

"కుదిరింది," అన్నాడు చెవులాయన.

ఎలా కుదిరిందో ఇక్కడ చెప్పుకోవాలి. సౌండు పనిలో ఒక పద్ధతుంది. ఏ గదిలో మాటలు రికార్డు చేసినా, చివర్లో అందరూ ఊపిరి బిగబట్టి నిలబడితే ఆ గది నిశ్శబ్దాన్ని కూడా పట్టుకుంటారు. మాటకీ మాటకీ నడుమ ఖాళీల్లో దాన్ని పరుస్తారు. లేకపోతే వినేవాళ్ళకి నడుస్తూ నడుస్తూ గోతిలో కాలు పెట్టినట్టుంటుంది. అది పట్టేటప్పుడు ఎవరూ కదలకూడదు. దగ్గొచ్చినా సరే, పక్కవాడు పడిపోయినా సరే, రికార్డరు ఆగేదాకా ఎక్కడివాళ్ళక్కడే. చెవులాయన ఒంట్లో ఈ పద్ధతి ఎముకల్లోకి దిగిపోయింది.

భార్య ఇల్లు వదిలి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. పిల్ల నిద్రపోతుండగా వెళ్ళడమే మంచిదని ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద చేసిన ఆఖరి పని అది, అదీ తప్పు పనే. గేటు పడ్డ చప్పుడయ్యాక చెవులాయనకి తన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. చినుకు వాళ్ళింటికి ఒక ఇంటి నిశ్శబ్దం కావాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఫ్యాను కట్టేశాడు, ఫ్రిజ్ ఆపేశాడు, రికార్డరు భోజనాల బల్ల మీద పెట్టి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి వెళ్ళిపోయిన ఇంట్లో దొరికేంత మంచి నిశ్శబ్దం ఇంకెక్కడ దొరుకుతుంది.

అప్పుడు పిట్ట లేచింది. కూతుర్ని ఆయన పిట్ట అనే పిలిచేవాడు. పిట్ట గదిలోంచి నడిచొచ్చి, అమ్మ చెప్పులుండే చోటు చూసి, బీరువా తలుపు లాగి, ఖాళీ హ్యాంగర్ల కింద నిలబడింది. "అమ్మా" అని ఒక్కసారి పిలిచింది. తర్వాత ఏడుపు మొదలైంది. అటు తిరిగి ఇటు తిరిగి, గుమ్మంలో ఉన్న తండ్రిని చూసి, ఆయన వంక చూస్తూ ఏడ్చింది.

ఆయన కదల్లేదు.

కొంత అలవాటు. కొంత, దగ్గరికెళ్తే ఏం చెప్పాలో తెలియకపోవడం. మీ అమ్మ ఎందుకు వెళ్ళిందంటే చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. రికార్డరు మీద ఎర్రలైటు వెలుగుతోంది, నిలబడిపోవడానికి అది మంచి సాకు. ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ళలోకి దిగి, పిట్ట తనంతట తాను ఆగిపోయేదాకా ఊపిరి బిగబట్టి అలాగే ఉన్నాడు. ఆ తర్వాత వెళ్ళి మిషన్ ఆపాడు. అది ఆపాకే పిల్లని ఎత్తుకున్నాడు. ఏది ముందు చేశాడో ఆయనకి ఎప్పుడూ గుర్తుంటుంది.

బెంగ భాగం ఒక ఆదివారం పొద్దున టీవీలో వచ్చింది. ఛానెల్ పెద్దలకి తెగ నచ్చింది, సీరియల్ నిలబడింది, స్టూడియోలో అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. ఆదివారాలు పిట్ట వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. అక్కడ ఇవేవీ చూడదులే అని చెవులాయన గుండె చిక్కబట్టుకున్నాడు.

సాయంత్రం భార్య పిల్లని దింపడానికొచ్చింది. పిట్టని లోపలికి పంపి, చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడింది.

"ఆ నీలం బొమ్మ ఏడుపు ఎవరిది?"

ఆయన పిట్ట సంచీ తీసి లోపల పెట్టాడు.

"నేను వంటింట్లో ఉన్నాను. పిట్ట పడిపోయిందనుకుని గరిటె పారేసి పరిగెత్తాను. చూస్తే అది సోఫాలో కూర్చుని బిస్కెట్ తింటోంది. ఏడుపు టీవీలోంచి వస్తోంది. ఎప్పటిది?"

"నువ్వు వెళ్ళిన రోజుది."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. ఆ ఏడుపు చెవిన పడకూడదనే నిద్రవేళ చూసుకుని వెళ్ళింది పాపం. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగితే అది టీవీలోంచి వచ్చి ఆవిడ వంటింట్లో దూరింది.

"మొదట్నుంచీ చివరిదాకా విన్నాను," అంది. "అందులో ఇంకెవరూ లేరేం? ఎత్తుకున్న చప్పుడేదీ? ఊరుకోమ్మా అన్న మాటేదీ?"

ఎడిటింగులో తీసేశానని చెప్పొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాక బయటికి రాలేదు.

"రికార్డరు ఆన్‌లో ఉంది," అన్నాడు.

"అదే చెప్పింది నీ కూతురూ. 'అది నేనేనమ్మా. నాన్న అక్కడే ఉన్నాడు, మిషన్ నడుస్తోంది కదా, అందుకని రాలేదు' అంది. నేనెక్కడ నిన్ను తిడతానో అని వెనకేసుకొచ్చింది." ఆవిడ గుమ్మం మీంచి చెయ్యి తీసేసింది. "తిట్టడానికి నాకు మొహమేది, వదిలేసి వెళ్ళినదాన్ని నేను. కానీ నువ్వున్నావు కదా అనుకుని వెళ్ళాను."

మెట్లు దిగిపోయింది. ఆయన తలుపు వేసుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నరికినా ఇంత నొప్పి ఉండదనిపించింది. తప్పు తన వైపే ఉన్నప్పుడు పక్కవాళ్ళు మెత్తగా మాట్లాడితే ఎంత బాధగా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు.

ఆ తర్వాతే ఆయన గమనించాడు, పిట్ట ఏడవడం మానేసింది. మెట్ల మీద జారి మోకాలు చీరుకుపోయినరోజు, రక్తం పిక్క దాకా కారుతుంటే, పెదాలు లోపలికి మడిచి పట్టుకుని ముందు భోజనాల బల్ల వంక చూసింది. తర్వాత అలమార పైన చూసింది. తర్వాత తండ్రి చొక్కా జేబు వంక చూసింది. ఎక్కడా ఏ మిషనూ లేదని తేలాక కూడా ఏడవలేదు. "పర్లేదు నాన్నా, నొప్పి లేదు," అంది. డెట్టాల్ రాస్తుంటే దాని ఒళ్ళంతా వణికింది, నోట్లోంచి చప్పుడు మాత్రం రాలేదు. బడిలో టీచరు కూడా మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలండీ, అసలు పేచీ పెట్టదు అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు మోసుకుని ఆయన ఇంటికొచ్చాడు.

పిల్ల తన ముందు ఒక్కసారి ఏడిస్తే చాలు. ఎత్తుకుంటాడు, ఈసారి ఎత్తుకుంటాడు. అంతకంటే ఆయనకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

మర్నాడు డైరెక్టరమ్మ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ వింటూ వింటూ కుర్చీలో వెనక్కి ఒరిగింది. చెడ్డ మనిషి కాదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ముందే చెప్పాల్సిందండీ."

"తీసేయండి మేడమ్. పిన్నిగారితో మళ్ళీ ఏడిపించి పెడదాం. నవ్వితే నవ్వుతారు."

"ఎక్కడెక్కడని తీస్తాను? అది ప్రోమోలోకి వెళ్ళిపోయింది, గంటగంటకీ వేస్తున్నారు. బొమ్మల కంపెనీ వాళ్ళు కూడా అడిగారు, చినుకు పొట్ట నొక్కితే అదే ఏడుపు రావాలట. ఛానెల్‌తో మాట్లాడతాను. మాట్లాడి చూస్తాను." ఆవిడ ఆయన వంక చూడలేక బల్ల మీద ఉన్న చినుకు బొమ్మని పక్కకి జరిపింది. "వాళ్ళు వినరని మీకూ తెలుసు."

ఆయనకి తెలుసు. పలికిన మాటనే వెనక్కి తీసుకోలేం, టీవీలో పడ్డ ఏడుపునేం తీసుకుంటాం. ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో తన కూతురి ఏడుపు విని పిల్లలు పక్కనున్నవాళ్ళ ఒళ్ళోకి ఎక్కుతున్నారో ఆయన ఊహించుకోగలడు. ఎవరో తల్లి పిల్లని దగ్గరికి లాక్కుంటుంది, ఎవరో తాత తల నిమురుతాడు. అందరికీ అక్కరకొచ్చిందది. ఏడ్చినదానికి తప్ప.

శనివారం పొద్దెక్కాక భార్య ఫోన్ చేసింది. పనిలో ఎవరో రాలేదు, ఈ ఆదివారం పిట్టని తీసుకెళ్ళడం కుదరదు. ఫోను పిట్టకిచ్చాడు. పిట్ట విని, "సరే అమ్మా," అంది. "పర్లేదమ్మా," అంది. అప్పటికే బట్టలు సర్దిపెట్టుకున్న చిన్న సంచీని తీసి మంచం కిందికి తోసింది. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి విప్పిన చప్పుడు వినబడింది, బకెట్‌లోకి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

చెవులాయన కూరగాయలు తరుగుతున్నవాడల్లా కత్తి కింద పెట్టాడు. కుళాయి మరీ ఎక్కువ విప్పిన చప్పుడు. చేతులు కడుక్కునే పిల్ల అంత విప్పదు. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళ హోరు కింద, బాగా అడుగున, ఇంకొకటి వినబడింది. మామూలు మనిషికైతే వినబడదు. ఆయన చెవులు ఆయనవి కదా, వినబడింది.

కుళాయి నడుస్తుంటే ఏ రికార్డింగూ పనికిరాదు. సౌండువాడి ఇంట్లో పుట్టిన పిల్లకి ఆ మాట ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పిట్ట ఆలోచించుకుని, ఏడవడానికి చోటు వెతుక్కుంది.

"పిట్టా," అన్నాడు.

అడుగునున్న చప్పుడు టక్కున ఆగిపోయింది. నీళ్ళే మిగిలాయి.

"చేతులు కడుక్కుంటున్నా నాన్నా."

"తలుపు తియ్యమ్మా."

"ఇంకా అవలేదు నాన్నా."

బలవంతాన తీయించొచ్చు. తీయించి ఏం చేస్తాడు, ఏడవమని అడుగుతాడా. ఆయన తలుపుకి వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు. "నేనిక్కడే ఉన్నానమ్మా. తలుపు పక్కనే కూర్చున్నాను," అందామనుకున్నాడు. "నేనిక్కడే" అన్నంతవరకే మాట వచ్చింది. తర్వాత వచ్చింది మాట కాదు. ఏడ్చే మగవాణ్ణి నమ్మొద్దని సామెత పుట్టించిన మహానుభావుడెవరో గానీ, వాడి పుణ్యమా అని ఆయన తన తల్లి పోయిన రోజున కూడా కళ్ళు ఎండగట్టుకునే తిరిగాడు. ఇప్పుడు ఆపుకుందామన్నా చేతకాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. వికారమైన ఏడుపు, ఏ సీరియల్‌కీ పనికిరానిది.

లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

గడియ తీస్తుందనుకున్నాడు. తీయలేదు. అడుగు పడలేదు, బకెట్ కదల్లేదు, గాజు చప్పుడు కూడా కాలేదు. తలుపుకి అవతల ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడితే ఎలా ఉంటుందో ఆయన కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. రా అమ్మా అని పిలవాలనుంది. ఎక్కిళ్ళు వచ్చిపడుతూనే ఉన్నాయి, పిట్ట చడీచప్పుడు లేకుండా వాటన్నిటినీ సాగనిచ్చింది.

చివరికి ఎక్కిళ్ళు తగ్గాయి. ఆయన చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు తలుపుకి బాగా దగ్గరగా, గుసగుసగా, పిట్ట గొంతు వినబడింది.

"అయిపోయిందా నాన్నా? ఇప్పుడు రావచ్చా?"